రెండో తాళంచెవి

తాళంలో చెవి తిరిగిన చప్పుడు.

టిక్కుమని ఒక్కసారి. నిద్రలోనే వినబడిందామెకు. కల అనుకుంది. బయట జులై ముసురు. కిటికీ పైన రేకు మీద చినుకులు టపటపమంటున్నాయి. రాత్రంతా ఆస్పత్రి వార్డులో నిలబడి వచ్చిన కాళ్లు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. మంగళవారం, పొద్దున పదకొండు దాటింది. పాప బడికెళ్లింది. ఇంట్లో తనొక్కతే. తలుపు లాగితే తాళం దానంతటదే పడుతుంది. లోపలి గడియ పెట్టడం మరిచిపోయింది.

హాల్లో అడుగుల చప్పుడు. ఒక్క మనిషివి కావు.

"ఇది హాలు. గాలీ వెలుతురూ ధారాళంగా వస్తాయి. వంటగది అటు. రండి, బెడ్‌రూమ్ కూడా చూద్దురు గానీ."

పరదా పక్కకు జరిగింది.

గుమ్మంలో ఇంటాయన. ఆయన వెనకాల ఎవరో మొగుడూ పెళ్లాలు. ఆమె దుప్పటి మెడదాకా లాక్కుని లేచి కూర్చుంది. గొంతు పెగల్లేదు. ముందు తేరుకున్నది ఇంటాయనే.

"ఇంట్లోనే ఉన్నావా అమ్మా? డ్యూటీకి వెళ్లావనుకున్నానే!"

వచ్చినవాళ్లు తలొంచుకుని వెనక్కి తిరిగారు. ఆయనా వెళ్లాడు. తలుపు మళ్లీ టిక్కుమంది. ఆమె మాత్రం మంచం మీద అలాగే కూర్చుండిపోయింది. డ్యూటీకి వెళ్లాననుకుని వచ్చాడు. మరి తను నిజంగానే డ్యూటీలో ఉన్న రోజుల్లో?

హైదరాబాద్ రాంనగర్‌లో రెండంతస్తులు లేపిన ఇల్లది. కింద ఇంటాయనా, ఆయన భార్యా. మొదటి అంతస్తులో ఒక కుటుంబం. పైన ఈమె, తొమ్మిదేళ్ల కూతురు. ఊరు జగిత్యాల వైపు. భర్త దుబాయ్‌లో పని. అద్దె నెలకు 14,000. మూడు నెలల అడ్వాన్సు, 42,000, చేరిన రోజే ఇంటాయన చేతిలో పెట్టింది. పుస్తెలతాడు కుదువ పెట్టి తెచ్చిన డబ్బు. పదకొండు నెలల అగ్రిమెంటు ఏప్రిల్లో అయిపోయింది. మళ్లీ రాసుకుందామంటే, "మనలో మనకు కాగితాలెందుకమ్మా" అన్నాడాయన. ఆ మాటకు ఆమె అప్పుడు సంతోషించింది కూడా.

ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. మార్చిలో ఒకరోజు బీరువా తలుపు ఓరగా తెరిచి ఉంటే తనే సరిగ్గా వెయ్యలేదనుకుంది, ఏప్రిల్లో బాత్రూమ్ లైటు వెలుగుతుంటే పాపను కసిరింది, మే నెలలో దేవుడి గూట్లో పెట్టిన చిల్లర తగ్గితే లెక్క తప్పాననుకుంది, ఆరేసిన బట్టలు మంచం మీద కుప్పగా పడి ఉంటే గాలికి పడ్డాయని సర్దుకుంది, మూసిన ఇంట్లోకి అంత గాలి ఎక్కణ్ణుంచి వస్తుందని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. అన్నీ తన మతిమరుపు ఖాతాలోనే వేసుకుంది.

నాలుగింటికి పాప వచ్చింది. బ్యాగు విసిరేసి బిస్కెట్ల డబ్బా అందుకుంది. తల్లి మెల్లగా అడిగింది. "బిడ్డా, నేను లేనప్పుడు ఎవరన్న వస్తుండ్రా ఇంటికి?"

పాప నమలడం ఆపలేదు.

"తాత వస్తడు గదమ్మా. తలుపు కొట్టడు. తాళం తీసుకొనే వస్తడు."

చీకటి పడకముందే చౌరస్తా నుంచి తాళాలబ్బాయి వచ్చాడు. వాన నీళ్లు కారుతున్న సంచీ గుమ్మంలో పెట్టి, నాలుగు స్క్రూలు ఊడదీసి, పాత తాళం ఆమె చేతిలో పెట్టాడు. చల్లగా, బరువుగా ఉంది. "పారెయ్యాలా అక్కా?" అన్నాడు. వద్దంది. దాన్ని క్యారీబ్యాగులో చుట్టి బియ్యం డబ్బా వెనకాల దాచింది. కొత్త తాళానికి 850 రూపాయలు. రాత్రి డ్యూటీకి వెళ్తూ పాపను ఎప్పట్లాగే మొదటి అంతస్తు అక్క దగ్గర దింపింది. జరిగింది చెప్పింది. అక్క అంతా విన్నది. కళ్లు దించుకుంది.

"ఇల్లు దొరుకుడు కష్టం చెల్లె. నన్ను ఈ లొల్లిల ఇరికియ్యకు."

తెల్లారి ఎనిమిదిన్నరకు ఆమె మెట్లెక్కి వస్తుంటే, పైన తన గుమ్మం ముందు ఇంటాయన నిలబడి ఉన్నాడు. చేతిలో తాళంచెవి. ముఖం కందగడ్డలా ఉంది.

"నా ఇంటికి నాకే తాళం వేస్తావా?"

"అంకుల్, నేను పండుకున్న రూములకు మీరు పరాయోళ్లను తీసుకొచ్చిండ్రు. ఒక్క ఫోన్ చెయ్యద్దా?"

"ఎవరికి ఫోన్ చెయ్యాలమ్మా? నీ అగ్రిమెంటు ఏప్రిల్లోనే అయిపోయింది. ఇప్పుడు నువ్వు ఈ ఇంట్లో ఎవరివి?"

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. లోపలికెళ్లి, ముఖం కడుక్కుందామని కుళాయి తిప్పింది. గుర్రుమని గాలి చప్పుడు. చుక్క నీళ్లు రాలేదు.

మూడు రోజులు. బయట కుండపోత, కుళాయిలో చుక్క లేదు. మోటారు పాడైందన్నారు కింద. మొదటి అంతస్తులో మాత్రం నీళ్లు వస్తూనే ఉన్నాయి. పన్నెండు గంటలు రోగుల దగ్గర నిలబడి వచ్చి, అక్క ఇంట్లోంచి బిందెతో నీళ్లు మోసుకుంది. మెట్టుమెట్టుకూ కాసేపు ఆగేది. శుక్రవారం సాయంత్రం వాన ఇంకా పెరిగింది. పైకప్పు మీద ఎలుక పరిగెత్తినట్టు సన్నగా చప్పుడైంది. పాప తలెత్తి చూసింది.

ఒక్క పెట్టున స్లాబు పెచ్చు ఊడిపడింది.

మంచం మీద పడింది. పాప తల పెట్టుకునే వైపే. పాప అప్పుడే హోంవర్కు పుస్తకం కోసం లేచింది గనక సరిపోయింది. దిండు మీద సిమెంటు ముక్కలు, దుమ్ము. పైన తుప్పు పట్టిన ఇనుప చువ్వలు బయటికొచ్చాయి. బాత్రూమ్ గోడవతల నుంచి దిగుతున్న చెమ్మ గురించి ఆమె జూన్ నుంచి నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ ఒకటే జవాబు, "చూద్దాంలే అమ్మా." దుమ్ములోంచి పాప గొంతు వినిపించింది.

"అమ్మా, ఏనుగు పడిపోయింది!"

ఆమె వినిపించుకోలేదు. బిడ్డను గుండెకు అదుముకుని వణుకుతోంది. ఆ రాత్రే ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. నెలాఖరుకు ఖాళీ చేస్తున్నా, అడ్వాన్సు ఇవ్వండి అంకుల్. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

జవాబు పొద్దున తలుపు సందులోంచి వచ్చింది. చింపిన క్యాలెండర్ కాగితం. ఒకవైపు తేదీ, తిథి, రాహుకాలం. రెండోవైపు నీలం సిరాతో, గుండ్రటి చేతిరాతతో, పచారీ కొట్టు చిట్టాలా లెక్క. రంగులకు 16,000. బాత్రూమ్ లీకేజీ, సీలింగు 18,000. తాళం పాడుచేసినందుకు 3,000. గోడలకు మేకులు కొట్టినందుకు 1,500. కరెంటు, నీళ్లు 2,000. అన్నీ కలిపి కింద గీత కొట్టాడు. మిగిలింది 1,500. ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి పక్కన రాశాడు: "ఖాళీ చేసిన రోజు ఇవ్వబడును."

మూడు రోజులు రాని నీళ్లకూ బిల్లు వేశాడు. బిడ్డ నెత్తిన పడబోయిన పెచ్చుకూ ఆమె దగ్గరే వసూలు చేస్తున్నాడు. ఆమె ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది. స్టేషన్ దారి పట్టింది.

స్టేషన్లో తడి గొడుగుల వాసన. ఫ్యాను కింద కుర్చీలో ఉన్న అధికారి కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "డబ్బుల గొడవ సివిల్ మ్యాటర్ అమ్మా. ఇంట్లో జొరబడ్డాడంటారా, దానికి భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షన్ ఉంది. కానీ బెదిరించడానికో, నేరం చెయ్యడానికో వచ్చాడని చూపించాలి. ఆయన ఇల్లు చూపించడానికి వచ్చానంటాడు." కాగితం వెనక్కిచ్చాడు. ఆమె మెట్లు దిగుతుంటే వెనకనుంచి ఎవరో పిలిచారు. ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్. గొంతు తగ్గించింది.

"పురానీ హవేలీ తెలుసా? సివిల్ కోర్టు ఉంటది. అండ్ల న్యాయ సేవా సదన్ అని అడుగు. ఆడోళ్లకు వకీలు పైసలు అడగరు."

ఆ మాట అక్షరాలా నిజం. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళ ఎవరైనా సరే, సంపాదన ఎంతైనా సరే, ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలే. ఎంతమంది ఆడవాళ్లకు ఈ సంగతి తెలుసు? ఆమెకు ముప్పై రెండేళ్లొచ్చాక, ఒక పోలీస్ స్టేషన్ మెట్ల మీద తెలిసింది.

సోమవారం. పాతబస్తీలో వాన వెలిసింది. మధ్యాహ్నం ఎండకు రోడ్డు మీద ఆవిరి లేస్తోంది. చిన్న గదిలో బల్లకవతల న్యాయవాది, నడివయసు మనిషి. అగ్రిమెంటు చదివారు. క్యాలెండర్ కాగితం చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అద్దె నియంత్రణ చట్టం 1960 నుంచీ ఉందమ్మా. కానీ మీకు పనికిరాదు."

ఆమె గుండె జారింది.

కార్పొరేషన్ ప్రాంతాల్లో నెల అద్దె 3,500 దాటితే ఆ చట్టం వర్తించదని 2005లో సవరణ తెచ్చారు. ఇవాళ హైదరాబాద్‌లో ఆ డబ్బుకు వచ్చే ఇల్లేది? నగరంలో అద్దెకున్న సంసారాల్లో ఎక్కువ భాగం ఆ గీతకు అవతలే నిలబడి ఉన్నాయి. కేంద్రం 2021లో ఒక నమూనా చట్టం తెచ్చింది. ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని, ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని అందులో ఉంది. రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అది పనిచేస్తుంది.

"మరి నాకేం లేదా సార్?"

"ఉంది. 1882 నాటిది." ఆయన ఒక లావుపాటి పుస్తకం తెరిచారు. ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్. అద్దె కడుతున్నంత కాలం అడ్డూ ఆటంకం లేకుండా ఇంట్లో ఉండే హక్కు కిరాయిదారుది. ఇంటి స్థితి చూసుకోవడానికి యజమాని రావచ్చు, కానీ సబబైన వేళల్లో. ఇల్లు వాడితే మామూలుగా వచ్చే అరుగుదల కిరాయిదారు నెత్తిన పడదు. అదే చట్టం 116వ సెక్షన్ ప్రకారం, గడువు అయిపోయిన తర్వాత కూడా ఇంటాయన అద్దె తీసుకుంటూనే ఉన్నాడంటే, మరో ఒప్పందం లేకపోతే, అది నెలనెలా సాగే అద్దె కింద లెక్క. మెట్ల మీద ఇంటాయన అడిగిన ప్రశ్నకు జవాబు నూట నలభై ఏళ్ల కిందటే రాసి ఉంది.

"అద్దె ఫోన్‌లో పంపారా? మంచిది, మేలోదీ జూన్‌దీ ఉన్నాయి. ఇక అసలు సంగతి. ఈ 18,000. లీకేజీ మీ వల్లే వచ్చిందంటాడు. మీరు చేరకముందు నుంచే ఉందని చూపించగలరా? చేరిన రోజు ఫొటో ఏదైనా తీశారా?"

ఆమె అడ్డంగా తల ఊపింది. చేరిన రోజు సామాను దించుకోవడానికే సరిపోయింది. ఎవరు తీస్తారు గోడల ఫొటోలు?

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. చాదర్‌ఘాట్ దాటాక పాప మాట ఎక్కడినుంచో వచ్చి తగిలింది. ఏనుగు పడిపోయింది. ఏ ఏనుగు? ఆ చెమ్మ మరకను పాప ఏనుగనేది. తొండం, చెవులు, బొజ్జ అంటూ చూపించేది. ఆ పేరు ఎప్పుడు పెట్టింది? ఆమె నిటారుగా లేచి కూర్చుంది.

మొదటి రోజే.

దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు. అందుకే ఇల్లంతా వీడియో తీసి భర్తకు పంపింది. తర్వాత ఫోన్ నీళ్లలో పడి పోయింది. పాత మెసేజులన్నీ పోయాయి. ఆమె వైపు పోయాయి. ఆయన వైపు?

ఆ రాత్రి అక్కడ, ఎనిమిది మంది పడుకునే గదిలో, పై మంచం మీద ఒక మనిషి ఫోన్ వెలుగులో పద్నాలుగు నెలలు వెనక్కి నడిచాడు. పండగ ఫొటోలు. పాప మార్కుల కాగితం. జ్వరం వచ్చినప్పటి మెసేజులు. డబ్బు పంపిన రశీదులు. ఇక్కడ ఆమె వార్డులో సెలైన్ మారుస్తోంది. రెండున్నరకు జేబులో ఫోన్ వణికింది.

నిమిషం పదకొండు సెకన్ల వీడియో.

ఇంటాయన లోక్ అదాలత్ మొదటి పిలుపుకు రాలేదు. రెండో పిలుపుకు కొడుకును వెంటబెట్టుకుని, ఇస్త్రీ చొక్కాతో, ఫైలుతో వచ్చాడు. లోక్ అదాలత్ బల్లవతల న్యాయమూర్తి, పక్కన మరో సభ్యురాలు. ఇక్కడ బలవంతం లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే సంతకం. లేదంటే కోర్టుకే. అది ఆయనకు తెలుసు.

"ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి, అప్పు తీర్చుకుంటూ ఒక్కో అంతస్తూ కట్టుకున్నానండీ. ఇల్లంతా పాడుచేసి నన్నే ఇక్కడికి లాగింది. కోర్టులోనే తేల్చుకుంటాను." కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"ఒక్క నిమిషం కూర్చోండి," అన్నారు న్యాయవాది. ఫోన్ బల్ల మీద పెట్టారు.

ఖాళీ హాలు. ఆమె గొంతు, "ఇగో చూడు, గిది హాలు. గిది వంటిల్లు." కెమెరా ఊగుతూ పడకగదిలోకి వెళ్లింది. పైకి లేచింది. బాత్రూమ్ గోడ వైపు స్లాబు మీద గోధుమరంగు మరక, అంచులు నల్లగా, చేటంత వెడల్పున. తర్వాత ఎనిమిదేళ్ల పాప గొంతు, ఖాళీ గదిలో గంటలా మోగింది.

"డాడీ! పైన ఏనుగుంది చూడు!"

ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాన్ చప్పుడొక్కటే. కొడుకు తండ్రి మోచెయ్యి పట్టుకున్నాడు. "నాన్నా, కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు.

ఆ తర్వాత లెక్క త్వరగానే సాగింది. సీలింగు కొట్టేశారు. రంగులు కొట్టేశారు. తాళం కొట్టేశారు. మేకుల దగ్గరికి రాగానే ఆమే నోరు విప్పింది. "హాల్ల ఒక గోడ మొత్తం మా పాప స్కెచ్చులతోటి గీసింది సార్. ఆ గోడకు నేనిస్త." నాలుగు వేలు. కరెంటు, నీళ్లకు రెండు వేలు. మిగిలిన 36,000 ఖాళీ చేసే రోజే చేతికివ్వాలి.

"ఇంకేమైనా అడగాలా అమ్మా?" అన్నారు సభ్యురాలు.

ఆమె సంచీలోంచి క్యారీబ్యాగు తీసింది. ముడి విప్పింది. పాత తాళం బల్ల మీద పెట్టింది. పక్కన తన రెండు చెవులు.

"మూడోది వాళ్ల దగ్గర ఉన్నది మేడం. దాన్ని కూడా ఇక్కడ పెట్టమనండి."

ఇంటాయన చెవులు ఎర్రబడ్డాయి. "మోటారు లైను, కుళాయిలు చూసుకోడానికే వెళ్లేవాణ్ణండీ. నా ఇల్లే కదా." ఆ మాట పూర్తిగా బయటికి రాలేదు. జేబులోంచి గుత్తి తీశాడు. ఒక చెవికి తెల్లటి టేపు చుట్టి ఉంది. దాని మీద అదే నీలం సిరా, అదే గుండ్రటి రాత. "2". గుత్తిలోంచి దాన్ని ఊడదీయడానికి గోరు పెట్టి చాలాసేపు పెనుగులాడాడు. ఆమె ఆ చేతినే చూస్తోంది.

టేపు చుట్టిన చెవి గుత్తిలో ఇంకొకటి ఉంది. దాని మీద "1".

సంతకాలయ్యాయి. అవార్డు రాశారు. సివిల్ కోర్టు డిక్రీకి ఎంత బలమో దానికీ అంతే. దాని మీద అప్పీలు ఉండదు.

నెలాఖరు ఆదివారం. సన్నటి తుంపర. ట్రాలీ ఆటోలో మంచం, బీరువా, గ్యాస్ సిలిండర్ ఎక్కాయి. పైన నీలం పట్టా కప్పారు. ఇంటాయన గేటు దగ్గర నోట్ల కట్ట ఇచ్చి, మాట్లాడకుండా లోపలికెళ్లాడు. ఆమె వానకు అడ్డంగా కొంగు పట్టుకుని రెండుసార్లు లెక్కపెట్టింది. సరిపోయింది. పుస్తెలతాడు విడిపించుకోవచ్చు.

పాపను పిలుచుకుందామని మొదటి అంతస్తు ఎక్కింది. అక్క గుమ్మంలోనే ఉంది. పాప జడకు రబ్బరు బ్యాండు వేస్తోంది. పురానీ హవేలీలో చూసినదాన్ని ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. టేపు. నీలం సిరా. ఒకటో నంబరు.

అక్క చేతులు జడ మీదే ఆగిపోయాయి. కింద ఇంటాయన దగ్గిన చప్పుడు. ఆటో డ్రైవర్ హారన్ కొట్టాడు. పాప మెట్లు దూకుతూ దిగింది. ఆమె కూడా నాలుగు మెట్లు దిగింది.

"చెల్లె."

వెనక్కి తిరిగింది. అక్క తన తలుపు తాళం మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. గొంతు బయటికి రాలేదు, పెదవులే కదిలాయి.

"ఆ తాళాల పిలగాని నంబరు ఉన్నదా నీ దగ్గర?"